కార్డు పాతదైనా ఆట ఆగదు: లినక్స్‌లో ఓపెన్ సోర్స్ డ్రైవర్లతో గేమింగ్‌కు సమగ్ర మార్గదర్శి

2012 జనవరిలో ఏఎండీ రేడియాన్ హెచ్‌డీ 7970 అనే గ్రాఫిక్స్ కార్డు అమ్మకానికి వచ్చింది. విండోస్‌లో దానికి కొత్త డ్రైవర్లు ఇవ్వడం ఏఎండీ 2021లోనే ఆపేసింది. లినక్స్‌లో మాత్రం 6.19 కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) ఆ కార్డు పాత డ్రైవర్ నుంచి కొత్త డ్రైవర్‌కు దానంతట అదే మారింది. వాడేవాళ్లు ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే దానికి ఆటలు కార్డుతో మాట్లాడే వల్కన్ అనే భాష అందింది, వల్కన్ వెంటే విండోస్ ఆటలను లినక్స్‌లో నడిపే ప్రోటాన్ కూడా. ఈ పని చేసింది ఏఎండీ ఉద్యోగి కాదు, స్టీమ్ అనే ఆటల దుకాణం నడిపే వాల్వ్ తరఫున, మెసా అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ల ప్రాజెక్టు మీద పనిచేసే తిమూర్ క్రిష్టోఫ్. డ్రైవర్ కోడ్ అందరి ముందూ ఉంది కాబట్టే బయటి మనిషి అందులో చెయ్యి పెట్టగలిగాడు.

లినక్స్ గేమింగ్ అనగానే విండోస్ కంటే ఎన్ని ఫ్రేములు ఎక్కువ, ఎన్ని తక్కువ అనే లెక్క దగ్గరే మాట ఆగిపోతుంది. అంతకన్నా పెద్ద విషయం కార్డు ఆయుష్షు అని నా నమ్మకం. మన ఇళ్లలో కార్డు ఒకసారి కొంటే అన్న చేతి నుంచి తమ్ముడి చేతికి, అక్కడి నుంచి సెకండ్‌హ్యాండ్‌లో ఇంకొకరి చేతికి వెళ్తుంది. దాన్ని ఎన్నాళ్లు వాడుకోవచ్చో కంపెనీ ఒక్కటే తేల్చాలా అన్నది మనకు నిజంగా డబ్బుతో ముడిపడిన ప్రశ్న. ఈ మార్గదర్శిలో ప్రతి సలహా వెనకా ఆ ప్రశ్నే ఉంది.

ఒక్క మాట ముందే. కమాండ్లన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట విడిగా చెబుతాను.

పొరలు తెలిస్తే సగం పని అయినట్టే

విండోస్‌లో డ్రైవర్ అంటే డౌన్‌లోడ్ చేసుకునే ఒకే పెద్ద ఫైలు. లినక్స్‌లో అదే పనిని నాలుగు పొరలు పంచుకుంటాయి. ఏదైనా చెడిపోయినప్పుడు ఏ పొరలో చెడిందో పట్టుకోవాలంటే వీటి సంగతి తెలిసి ఉండాలి.

అడుగున ఫర్మ్‌వేర్ ఉంటుంది. అది కార్డు లోపలి చిన్న ప్రాసెసర్ల మీద నడుస్తుంది. ఏఎండీ, ఇంటెల్, ఎన్విడియా ముగ్గురిదీ మూసిన కోడే. ఓపెన్ సోర్స్ డ్రైవర్ అంటున్నప్పుడు ఈ భాగం లెక్కలోకి రాదని ఒప్పుకోవాలి.

దాని పైన కెర్నెల్ డ్రైవర్. కార్డు మెమరీని పంచడం, పనులను వరుసలో పెట్టడం, మానిటర్‌కు బొమ్మ పంపడం, కరెంటు, వేడి చూసుకోవడం దీని బాధ్యత. ఏఎండీకి ఏఎండీజీపీయూ, ఇంటెల్‌కు ఐ915 లేదా కొత్తగా వచ్చిన ఎక్స్‌ఈ, ఎన్విడియాకు సంస్థ సొంత మాడ్యూల్ లేదా నూవో అనే ఓపెన్ డ్రైవర్.

మూడోది మెసా. 1993లో బ్రయాన్ పాల్ అనే ప్రోగ్రామర్ ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ భాషను సొంతంగా రాసుకోవాలని మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. ఇవాళ ఓపెన్ సోర్స్ ఓపెన్‌జీఎల్, వల్కన్ డ్రైవర్లు దాదాపు అన్నీ కొలువైన ఇల్లు ఇదే. ఏఎండీ కార్డులకు రాడ్‌వీ, ఇంటెల్‌కు ఏఎన్‌వీ, ఎన్విడియాకు ఎన్‌వీకే, ఫోన్లలోని అడ్రినో చిప్పులకు టర్నిప్, యాపిల్ ఎం శ్రేణి చిప్పులకు హనీక్రిస్ప్. కంపెనీలు వేరైనా కోడ్‌లో చాలా భాగం ఉమ్మడి. షేడర్లను (రంగు, వెలుతురు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములను) శుద్ధి చేసే నిర్ అనే మధ్య భాగాన్ని ఇంటెల్ డ్రైవర్ కోసం ఒకరు మెరుగుపరిస్తే, ఆ లాభం ఏఎండీ కార్డుకూ దక్కుతుంది. మూసిన డ్రైవర్ల ప్రపంచంలో ఇది ఊహకు కూడా అందదు.

అన్నిటికీ పైన ప్రోటాన్. విండోస్ ఆట డైరెక్ట్ఎక్స్ భాషలో అడిగినదాన్ని వల్కన్ భాషలోకి మార్చి చెప్పే దుబాసీ ఇది. వాల్వ్ దీన్ని 2018 ఆగస్టులో విడుదల చేసింది. విండోస్ పిలుపులను దీనిలోని వైన్ అనే భాగం చూసుకుంటుంది. డైరెక్ట్ఎక్స్ 8 నుంచి 11 దాకా డీఎక్స్‌వీకే, 12ను వీకేడీ3డీ ప్రోటాన్ మారుస్తాయి.

మొదటి మెట్టు: మీ కార్డేది, దాన్ని నడుపుతున్నదెవరు?

టెర్మినల్ తెరిచి ఎల్ఎస్‌పీసీఐ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, కె అక్షరం కొట్టండి. వచ్చే పెద్ద జాబితాలో "వీజీఏ కంపాటిబుల్ కంట్రోలర్" లేదా "3డీ కంట్రోలర్" అని మొదలయ్యే చోటు వెతకండి. దాని కింద "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే వరుసలో కనిపించే పేరే మీకు కావాల్సింది.

ఏఎండీజీపీయూ అని ఉంటే నిశ్చింతగా ఉండండి. ఆర్ఎక్స్ 400 శ్రేణి నుంచి, అంటే 2016 నుంచి వచ్చిన కార్డులన్నీ ఏ తంటా లేకుండా దీని కిందే నడుస్తాయి. రేడియాన్ అని కనిపిస్తే మీది పాత కార్డు. అది హెచ్‌డీ 7700 నుంచి ఆర్9 290 మధ్యలోదైతే కెర్నెల్‌ను 6.19కో ఆ పైదానికో మార్చుకుంటే చాలు. పాత కెర్నెల్‌తోనే ఉండాలనుకుంటే బూట్ సెట్టింగుల్లో రేడియాన్ డ్రైవర్‌ను ఆపి, ఏఎండీజీపీయూను అనుమతించే పారామీటర్లు చేర్చాలి. హెచ్‌డీ 6000, అంతకు ముందు శ్రేణులకు వల్కన్ లేదు. వాటి మీద చిన్న, పాత ఆటలతోనే సరిపెట్టుకోవాలి.

ఇంటెల్ సంగతి తేలిక. ఆరో తరం కోర్ ప్రాసెసర్ నుంచి వల్కన్ బాగా నడుస్తుంది. ఆర్క్ కార్డు పెట్టుకున్నవాళ్లు మాత్రం బయోస్‌లోకి వెళ్లి రీసైజబుల్ బార్ ఆన్‌లో ఉందో లేదో తప్పక చూడాలి. అది ఆఫ్‌లో ఉంటే ఆర్క్ వేగం దారుణంగా పడిపోతుంది. ఆ తప్పు డ్రైవర్ మీద మోపేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఎన్విడియా వాళ్లకు విడిగా రాశాను, కాస్త కిందికి వెళ్లండి.

రెండో మెట్టు: డిస్ట్రో ఎంపిక

ఏ డిస్ట్రో (ఫెడోరా, ఉబుంటు లాంటి లినక్స్ రకం) మంచిదనే వాదనలో గంటలు గడిచిపోతాయి. గేమింగ్ వరకు చూడాల్సింది ఒక్కటే: అది కొత్త కెర్నెల్‌ను, కొత్త మెసాను ఎంత త్వరగా ఇస్తుంది? మెసా దాదాపు మూడు నెలలకోసారి కొత్త వెర్షన్ వదులుతుంది. మొదటి అంకె సంవత్సరం: 25.1, 25.2, 25.3 అలా. కార్డు ఎంత కొత్తదైతే మెసా అంత కొత్తది కావాలి. 2025 మార్చిలో వచ్చిన ఆర్ఎక్స్ 9070ను ఏడాది పాత మెసాతో నడపాలని చూస్తే కార్డు సరిగా పనిచేయదు.

మొదటిసారి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఫెడోరా, లేదా దాని పునాది మీదే గేమింగ్ కోసం కట్టిన బజైట్. బజైట్‌లో స్టీమ్, కావాల్సిన కోడెక్‌లు, ఎన్విడియా కార్డుకు విడిగా తయారుచేసిన ఇమేజ్ ముందే ఉంటాయి. అప్‌డేట్ చేసినప్పుడు ఏదైనా చెడితే బూట్ మెనూలోనే పాత స్థితికి వెళ్లిపోవచ్చు. ఇంట్లో ఒకే కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఈ ఒక్క సౌకర్యం చాలా ధైర్యాన్నిస్తుంది. ఉబుంటు అలవాటైనవాళ్లు అందులోనే ఉండవచ్చు. ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) వెర్షన్‌కు కూడా కెర్నెల్, మెసా అప్పుడప్పుడూ కొత్తవి అందుతాయి. ఇంకా తాజాగా కావాలంటే కిసాక్ మెసా అనే పీపీఏ (ఉబుంటుకు అదనపు ప్యాకేజీలు ఇచ్చే చోటు) ఉంది. ఆర్చ్, కాషీఓఎస్ అందరికంటే ముందుంటాయి. అయితే చిక్కులొస్తే చదువుకుని సరిచేసుకునే ఓపిక ఉండాలి. డెబియన్ స్టేబుల్ నాకు ఎంతో ఇష్టమైనదే అయినా, కొత్త కార్డు కొన్నవాళ్లకు సిఫారసు చేయను.

మూడో మెట్టు: డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయకండి

విండోస్ నుంచి వచ్చినవాళ్లు మొదట చేసే పని ఏఎండీ వెబ్‌సైట్‌కు వెళ్లి లినక్స్ డ్రైవర్ దించుకోవడం. ఆ పని అక్కర్లేదు. ఏఎండీ, ఇంటెల్ కార్డులకు కావాల్సినదంతా డిస్ట్రోతోనే వచ్చేసింది. ఏఎండీ వెబ్‌సైట్‌లో ఉన్న ప్యాకేజీ ముఖ్యంగా వర్క్‌స్టేషన్ల కోసం. ఆటలు ఆడేవాళ్లకు దానివల్ల లాభం లేదు, అప్‌డేట్లప్పుడు గొడవ మాత్రం రావచ్చు.

దీని వెనక ఒక మంచి చరిత్ర ఉంది. ఏఎండీ 2006లో ఏటీఐని కొని, మరుసటి ఏడే కార్డుల పత్రాలను బయటపెట్టి ఓపెన్ డ్రైవర్‌కు దారి వేస్తామని ప్రకటించింది. 2015లో లినక్స్ 4.2తో ఏఎండీజీపీయూ వచ్చింది. వల్కన్ డ్రైవర్‌ను తెరుస్తామన్న మాట ఆలస్యమవుతుంటే, 2016లో రెడ్ హ్యాట్‌కు చెందిన డేవ్ ఎయిర్లీ, విద్యార్థి దశలో ఉన్న బాస్ న్యూవెన్‌హౌజెన్ కలిసి రాడ్‌వీని మొదలుపెట్టేశారు. ఏఎండీ సొంత డ్రైవర్ ఏఎండీవీఎల్‌కే 2017 చివర్లో తెరుచుకునేసరికి రాడ్‌వీ అప్పటికే జనం చేతుల్లో ఉంది. 2019లో వాల్వ్ దానికి ఏసీఓ అనే కొత్త షేడర్ కంపైలర్‌ను జత చేసింది. ఆట మధ్యలో తెర ఒక్క క్షణం బిగుసుకుపోయే బాధ దాంతో బాగా తగ్గింది. చివరికి 2025లో ఏఎండీ తన ఏఎండీవీఎల్‌కేను ఆపేసి, ఇక మా బలమంతా రాడ్‌వీకే అని చెప్పింది. బయటివాళ్లు రాసిన డ్రైవర్ కంపెనీ సొంత డ్రైవర్‌ను పక్కకు తప్పించిన సంఘటన ఇది. ఓపెన్ సోర్స్ మీద నాకున్న నమ్మకానికి ఇంతకంటే గట్టి ఆధారం అక్కర్లేదు.

మీరు చేయాల్సినవి రెండే. స్టీమ్ కోసం 32 బిట్ మెసా లైబ్రరీలు ఉన్నాయో లేదో చూసుకోండి. డిస్ట్రో ప్యాకేజీ నుంచి స్టీమ్ వేసుకుంటే చాలా చోట్ల అవి వాటంతట అవే వస్తాయి. ఆర్చ్‌లో మాత్రం మల్టీలిబ్ రిపోజిటరీని మీరే తెరవాలి. రెండోది ఫెడోరా వాళ్లకు: పేటెంట్ల కారణంగా హెచ్.264, హెచ్‌ఈవీసీ వీడియోలకు కార్డు సాయం ఫెడోరా మెసాలో ఉండదు. ఆట రికార్డు చేసుకోవాలంటే ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే అదనపు రిపోజిటరీ నుంచి ఫ్రీవరల్డ్ అని పేరున్న మెసా ప్యాకేజీ వేసుకోండి.

ఎన్విడియా ఉన్నవాళ్లకు

2012 జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో మాట్లాడుతూ లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఎన్విడియా మీద కెమెరా ముందే వేలు చూపించి తిట్టిన వీడియో చాలామంది చూసే ఉంటారు. అప్పటికీ ఇప్పటికీ పరిస్థితి మారింది, కానీ పూర్తిగా కాదు. 2022 మేలో ఎన్విడియా తన కెర్నెల్ మాడ్యూళ్ల కోడ్ బయటపెట్టింది. అందులో తెరుచుకున్నది కెర్నెల్ భాగం మాత్రమే. వల్కన్, ఓపెన్‌జీఎల్ ఉన్న పై భాగం ఇప్పటికీ మూసే ఉంది.

మీ కార్డు జీటీఎక్స్ 16 శ్రేణి లేదా ఆర్‌టీఎక్స్ 20, ఆ తర్వాతది అయితే ఎన్విడియా డ్రైవర్‌లో ఓపెన్ మాడ్యూల్ ఉన్న రకాన్ని ఎంచుకోండి. ఉబుంటులో "అడిషనల్ డ్రైవర్స్" తెరిస్తే చివర ఓపెన్ అని ఉన్నది అదే. ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి ఈ ఓపెన్ మాడ్యూల్‌తో తప్ప నడవదు. ఫెడోరాలో ఆర్‌పీఎం ఫ్యూజన్ నుంచి వేసుకోవాలి. సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. మాడ్యూల్‌పై మీ కంప్యూటర్ తయారుచేసుకున్న తాళంచెవితో సంతకం పడాలి. ఆ చెవిని నమోదు చేయించాక రీబూట్ చేస్తే నీలం తెర ఒకటి వస్తుంది. అందులో "ఎన్‌రోల్ ఎంఓకే" ఎంచుకుని మీరు పెట్టుకున్న పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెరను చూడకుండా దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు.

మన దగ్గర విపరీతంగా అమ్ముడైన జీటీఎక్స్ 1050 టీఐ, 1060 లాంటివి ఉన్నవాళ్లు జాగ్రత్తగా వినాలి. ఆ శ్రేణికి 580 డ్రైవరే ఆఖరు. 590 నుంచి మద్దతు తీసేశారు. అప్‌డేట్ పేరుతో 590కి వెళ్తే తెర రాదు కాబట్టి 580 శాఖలోనే ఉండిపొండి. నూవోకు మారితే సరిపోతుంది కదా అంటే సరిపోదు. జీటీఎక్స్ 900లో రెండో తరం మ్యాక్స్‌వెల్ నుంచి కార్డు వేగం పెంచాలంటే ఎన్విడియా సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ కావాలి. ఆ పని చేసే ఫర్మ్‌వేర్‌ను ఎన్విడియా ఓపెన్ డ్రైవర్‌కు ఇవ్వలేదు. అందుకే నూవో కింద ఆ కార్డులు కంప్యూటర్ ఆన్ అయినప్పటి తక్కువ వేగంలోనే ఉండిపోతాయి. 2012 నాటి 7970 కొత్త డ్రైవర్‌తో ముందుకు వెళ్తుంటే, 2016 నాటి 1060 పాత డ్రైవర్ దగ్గర ఆగిపోయింది. చిప్పులో బలం తక్కువై కాదు, తాళంచెవి ఒకరి దగ్గరే ఉండిపోయి.

16, 20 శ్రేణుల నుంచి దారి మారింది. ఆ కార్డుల్లో జీఎస్‌పీ అనే ప్రాసెసర్ ఉంది, వేగం పెంచే పని దాని ఫర్మ్‌వేర్‌దే. లినక్స్ 6.7 నుంచి నూవో దాన్ని వాడుకుంటోంది. నూవో మీద ఫెయిత్ ఎక్‌స్ట్రాండ్, కొలాబరా అనే సంస్థలో ఉండగా, తోటివాళ్లతో కలిసి కట్టిన వల్కన్ డ్రైవరే 2022లో వెలుగు చూసిన ఎన్‌వీకే. ఇప్పుడు రస్ట్ భాషలో నోవా అనే కొత్త కెర్నెల్ డ్రైవర్ కూడా తయారవుతోంది. దాని తొలి పునాది 6.15లో చేరింది. ఇవాళ రోజువారీ ఆటలకు ఎన్విడియా సొంత డ్రైవరే వేగం. ఎన్‌వీకేను తేలికైన ఆటలతో ప్రయత్నించి చూడండి. డైరెక్ట్ఎక్స్ 12 ఆటల్లో ఎన్విడియా సొంత డ్రైవర్ కూడా విండోస్‌తో పోలిస్తే కాస్త వెనకబడుతుందని గుర్తుంచుకోండి.

ల్యాప్‌టాప్‌లో రెండు గ్రాఫిక్స్ ఉంటే ఆట పొరపాటున చిన్నదాని మీద నడవకుండా చూసుకోవాలి. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్రీట్ (విడిగా ఉన్న పెద్ద) కార్డుతో తెరిచే ఎంపిక వస్తుంది. ఏఎండీ, ఇంటెల్ జోడీల్లో డీఆర్ఐ_ప్రైమ్=1 అని పెద్ద అక్షరాల్లో స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్‌లో ఉండే లాంచ్ ఆప్షన్లలో ముందు రాసి, ఖాళీ వదిలి, శాతం గుర్తు, కమాండ్, శాతం గుర్తు రాస్తే సరి. ఎన్విడియాకు చాలా డిస్ట్రోల్లో ప్రైమ్ రన్ అనే చిన్న కమాండ్ ఉంటుంది.

నాలుగో మెట్టు: నిజంగా పనిచేస్తోందా?

వల్కన్ టూల్స్ అనే ప్యాకేజీ వేసుకుని, వల్కన్ఇన్ఫో అని కొట్టి, ఖాళీ వదిలి రెండు అడ్డగీతలు, సమ్మరీ అని కొట్టండి. "డ్రైవర్ నేమ్" ఎదురుగా రాడ్‌వీ, ఇంటెల్ ఓపెన్ సోర్స్ మెసా, ఎన్‌వీకే లేదా ఎన్విడియా అని రావాలి. జాబితాలో ఎల్ఎల్‌వీఎంపైప్ ఒక్కటే ఉంటే కార్డు పనిలోకి రాలేదు, బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోంది. అప్పుడు ఆటను కాదు, కెర్నెల్ డ్రైవర్ ఎందుకు లోడ్ కాలేదో వెతకాలి.

స్టీమ్‌ను ఫ్లాట్‌ప్యాక్‌గా (కావాల్సినవన్నీ వెంట తెచ్చుకునే విడి ప్యాకేజీగా) వేసుకుంటే ఒక మెలిక ఉంది. దానికి సొంత మెసా ఉంటుంది, సిస్టమ్‌లోది వాడదు. సిస్టమ్ అప్‌డేట్ చేసినా ఆటలో తేడా కనిపించకపోతే కారణం అదే. ఫ్లాట్‌ప్యాక్‌నూ విడిగా అప్‌డేట్ చేయండి.

ఐదో మెట్టు: స్టీమ్, ప్రోటాన్

స్టీమ్ సెట్టింగుల్లో "కంపాటిబిలిటీ" విభాగానికి వెళ్లండి. పాత వెర్షన్లలో అన్ని ఆటలకూ స్టీమ్ ప్లే ఆన్ చేసే మీట ఉంటుంది, కొత్తవాటిలో అది ముందే ఆన్‌లో ఉంటుంది. ఏ ఆటకు ఏ ప్రోటాన్ అని ఆట ప్రాపర్టీస్‌లో మార్చుకోవచ్చు. కొత్తగా విడుదలైన ఆట సరిగా నడవకపోతే ప్రోటాన్ ఎక్స్‌పెరిమెంటల్ పెట్టి చూడండి. 2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పుడు విండోస్‌లోనూ అది మధ్యమధ్యలో బిగుసుకుపోయేది. వాల్వ్ ఇంజనీర్లు ఆట కోడ్ చేతిలో లేకపోయినా, మెమరీ కేటాయింపుల తీరును వీకేడీ3డీ ప్రోటాన్‌లో సర్ది, కొద్ది రోజుల్లోనే తమ చేతిలో పట్టుకుని ఆడే యంత్రం స్టీమ్ డెక్ మీద ఆ బాధ తగ్గించారు.

ఎపిక్, జీఓజీలో కొన్న ఆటలకు హీరోయిక్ లాంచర్ ఉంది. మిగతావాటికి లూట్రిస్. వీడియోలు ఆడని, చిన్న చిక్కులున్న ఆటలకు జీఈ ప్రోటాన్ అనే మార్పుచేసిన ప్రోటాన్ ప్రయత్నించండి. ప్రోటాన్‌అప్ క్యూటీ అనే యాప్‌తో సులువుగా వేసుకోవచ్చు.

విండోస్ డ్రైవ్‌లో ఇప్పటికే ఉన్న ఆటలను అక్కడి నుంచే నడపాలని అందరికీ అనిపిస్తుంది. వద్దు. విండోస్ డ్రైవ్‌ల ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ మీద ప్రోటాన్ ఫోల్డర్లు తరచూ పాడవుతాయి. ఆటలను ఈఎక్స్‌టీ4 లేదా బీటీఆర్‌ఎఫ్‌ఎస్ పార్టిషన్‌లోకి కాపీ చేసుకుంటే మళ్లీ డౌన్‌లోడ్ ఖర్చు కూడా తప్పుతుంది.

డేటా ప్యాక్ మీద నడిపేవాళ్లకు ఇంకో సంగతి. స్టీమ్ ముందుగా దించే షేడర్ల కోసం కొన్ని ఆటలకు భారీగా డేటా ఖర్చవుతుంది. రాడ్‌వీలో పైప్‌లైన్ లైబ్రరీ సౌకర్యం వచ్చాక ఆ ముందస్తు డౌన్‌లోడ్ అవసరం బాగా తగ్గింది, సెట్టింగుల్లో ఆపేయవచ్చు. అయితే కొన్ని ఆటల కథ వీడియోలు కూడా ఆ డౌన్‌లోడ్‌తోనే వస్తాయి. వీడియో బదులు రంగుల పట్టీలు కనిపిస్తే దాన్ని మళ్లీ ఆన్ చేయండి.

డ్రైవర్ చేతిలో లేని సంగతి

ఇక్కడ దాపరికం లేకుండా చెప్పాలి. మన దగ్గర కాలేజీ కుర్రాళ్లు బాగా ఆడే వాలరెంట్ లినక్స్‌లో నడవదు. వాన్‌గార్డ్ అనే దాని యాంటీ చీట్ (ఆటలో మోసాలను పట్టే ప్రోగ్రామ్) విండోస్ కెర్నెల్‌లోనే కూర్చోవాలంటుంది. 2024 నుంచి లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కూ అదే వచ్చింది. ఫోర్ట్‌నైట్ నడవదు. ఎపెక్స్ లెజెండ్స్ కొన్నాళ్లు బాగానే నడిచి, 2024 చివర్లో ఆగిపోయింది. జీటీఏ ఆన్‌లైన్‌దీ అదే ఏడాది అదే కథ, ఒంటరిగా ఆడే భాగం మాత్రం నడుస్తుంది. ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ రెండూ 2021లోనే ప్రోటాన్‌కు తలుపు తెరిచాయి. తెరవాలా వద్దా అన్నది ఆట తయారుచేసినవాళ్ల నిర్ణయం. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 నేరుగా లినక్స్‌కే తయారయ్యాయి. మీ మిత్రబృందం ఆడే ఆట ఏదో ముందు చూసుకుని, ఏ ఆట ఎలా నడుస్తోందో ఆడేవాళ్లు రాసే ప్రోటాన్‌డీబీ సైట్‌లో దాని పేరు వెతికి, ఆ తర్వాతే విండోస్ తీసేయండి.

ఆరో మెట్టు: సర్దుబాట్లు

మ్యాంగోహడ్ వేసుకుని, ఆట లాంచ్ ఆప్షన్లలో మ్యాంగోహడ్ అని రాసి, ఖాళీ వదిలి, శాతం గుర్తు, కమాండ్, శాతం గుర్తు రాయండి. ఫ్రేముల సంఖ్య, వేడి, మెమరీ, ఏ డ్రైవర్ నడుస్తోంది అన్నీ తెర మూల కనిపిస్తాయి. ఫ్యాన్ వేగం, కరెంటు పరిమితి మార్చాలంటే లాక్ట్ అనే యాప్ ఉంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఏసీ లేని గదిలో ఆడేవాళ్లు కరెంటు పరిమితి కొంచెం తగ్గించుకుంటే ఫ్రేముల్లో పెద్దగా తేడా తెలియదు, కార్డు మాత్రం చల్లబడుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే పొడవాటి లాంచ్ ఆప్షన్లను అర్థం తెలియకుండా అతికించవద్దు. వాటిలో చాలా వరకు ఎప్పుడో తీరిపోయిన సమస్యలకు రాసినవి.

మానిటర్‌ను వీలైతే డిస్‌ప్లేపోర్ట్‌తో కలపండి. హెచ్‌డీఎంఐ 2.1ను ఓపెన్ డ్రైవర్‌లో పెడతామని ఏఎండీ అడిగితే, 2024 ఫిబ్రవరిలో హెచ్‌డీఎంఐ ఫోరమ్ కాదంది. అందుకే ఏఎండీ కార్డును టీవీకి పెట్టి 4కేలో 120 హెర్ట్జ్ రావడం లేదని వాపోతున్నవాళ్లు కేబుల్ మార్చి ప్రయోజనం లేదు. డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టర్ ఒక దారి.

ఏడో మెట్టు: చెడినప్పుడు కబురు పెట్టండి

ఓపెన్ డ్రైవర్ వాడుతున్నామంటే అది రాసేవాళ్లతో నేరుగా మాట్లాడే దారి మనకుంది. దాన్ని మనవాళ్లు చాలా తక్కువ వాడుకుంటున్నారు. ఆ లోటు తీరాలని నాకు గట్టిగా ఉంది.

ముందు తప్పు ఏ పొరదో తేల్చండి. ఆట మొదలవకుండానే మూసుకుపోతే చాలాసార్లు ప్రోటాన్ దగ్గర చిక్కు ఉంటుంది. లాంచ్ ఆప్షన్లలో ప్రోటాన్_లాగ్=1 అని పెద్ద అక్షరాల్లో ముందు పెడితే మీ హోమ్ ఫోల్డర్‌లో స్టీమ్ పేరుతో లాగ్ ఫైలు తయారవుతుంది. ఆట నడుస్తూ బొమ్మల మీద గళ్లు, మచ్చలు వస్తుంటే మెసాను అనుమానించాలి. ఏఎండీ కార్డయితే రాడ్‌వీ_డీబగ్ అని పెద్ద అక్షరాల్లో, సమాన గుర్తు, నోడీసీసీ అని చిన్న అక్షరాల్లో పెట్టి చూడండి. మచ్చలు పోతే డెవలపర్‌కు అదే పెద్ద ఆచూకీ. తెర మొత్తం నల్లబడి యంత్రమే ఆగిపోతే, రీబూట్ చేసి, జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో గత బూట్ కెర్నెల్ సందేశాలు తీయండి. అందులో ఏఎండీజీపీయూ పక్కన "రింగ్", "టైమౌట్" అనే మాటలుంటే కార్డు హ్యాంగ్ అయింది. అలాంటప్పుడు పవర్ సప్లై, ఓవర్‌క్లాక్ రెండూ ఒకసారి చూసుకుని మరీ రాయండి.

మెసా తప్పులు ఫ్రీడెస్క్‌టాప్ వారి గిట్‌ల్యాబ్‌లో, ప్రోటాన్ తప్పులు వాల్వ్ గిట్‌హబ్‌లో రాయాలి. ప్రోటాన్‌లో ఒక్కో ఆటకు ఒక్కో పేజీ ముందే ఉంటుంది, కొత్తది తెరవకుండా అందులో చేర్చండి. కార్డు పేరు, కెర్నెల్, మెసా వెర్షన్లు, ఆట, ఏ చోట తప్పు వస్తోంది, ఇవి తప్పనిసరి. అన్నిటికంటే విలువైన సమాచారం ఒకటుంది: ఇంతకుముందు ఏ మెసా వెర్షన్‌లో బాగా నడిచింది? మంచి వెర్షన్, చెడు వెర్షన్ రెండూ దొరికితే, మధ్యలోని మార్పులను సగం సగం చేసుకుంటూ వెళ్లి తప్పు తెచ్చిన ఒక్క మార్పును పట్టుకునే పద్ధతి గిట్‌లో ఉంది. దాని పేరు బైసెక్ట్. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఓపికుంటే చేయవచ్చు. ఇంజనీరింగ్ చదివేవాళ్లకు సిలబస్‌లో దొరకని చదువు ఇది.

కొనేముందు

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో మీ ఊళ్లోనో సెకండ్‌హ్యాండ్ కార్డు చూస్తున్నారనుకోండి. ఫెడోరా లైవ్ యూఎస్‌బీ జేబులో పెట్టుకెళ్లండి. ఏఎండీ, ఇంటెల్ కార్డులకు డ్రైవర్ వేసే పని లేదు కాబట్టి, దుకాణం వాళ్ల యంత్రంలోనే దాన్ని బూట్ చేసి, మొదటి మెట్టులో చెప్పిన కమాండ్‌తో చిప్పు పేరు చూడవచ్చు. పెట్టె మీద ఒకటి, లోపల ఇంకొకటి ఉండే మోసం అక్కడే బయటపడుతుంది.

కొత్తది కొనాలంటే, లినక్స్‌లోనే ఉండబోయేవాళ్లకు నా ఓటు ఏఎండీకి. తక్కువ బడ్జెట్‌కు ఇంటెల్ ఆర్క్ బీ580 కూడా చూడదగ్గదే. చదువుకో ఉద్యోగానికో క్యూడా (ఎన్విడియా కార్డులతో లెక్కలు చేయించే వ్యవస్థ) కావాల్సినవాళ్లు ఎన్విడియా కొనక తప్పదు. కొంటే 16 శ్రేణి కన్నా పాతది మాత్రం వద్దు.

ముందున్నది

2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ ఈ డ్రైవర్లన్నిటినీ ఒక వ్యాపార అవసరంగా మార్చింది. 2025లో లెనోవో లీజియన్ గో ఎస్ స్టీమ్‌ఓఎస్‌తోనే అమ్మకానికి వచ్చింది. అదే ఏడాది నవంబరులో వాల్వ్ కొత్త స్టీమ్ మెషీన్ అనే గేమింగ్ కంప్యూటర్‌ను, స్టీమ్ ఫ్రేమ్ అనే వీఆర్ హెడ్‌సెట్‌ను ప్రకటించింది. ఫ్రేమ్‌లో ఉన్నది ఫోన్ల తరహా స్నాప్‌డ్రాగన్ చిప్పు. విండోస్ ఆటలోని ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల) కోడ్‌ను ఫెక్స్ అనే ప్రాజెక్టు ఆర్మ్ చిప్పుకు తగ్గట్టు మారుస్తుంది. అంటే రేపు ఆర్మ్ ల్యాప్‌టాప్‌ల మీద కూడా ఇదే దారిలో ఆటలు నడపవచ్చు. యాపిల్ మ్యాక్‌ల మీద అసాహి లినక్స్ బృందం 2024లోనే ఇలాంటి పని చేసి చూపించింది, యాపిల్ నుంచి గ్రాఫిక్స్ పత్రం ఒక్కటి కూడా అందకుండానే.

రాబోయే రోజుల్లో నేను కళ్లు పెట్టుకుని చూసేది నోవా వైపు. అది పూర్తయి, దాని మీద ఎన్‌వీకే వేగం పుంజుకుంటే, ఇవాళ ఇంజనీరింగ్ పిల్లల ల్యాప్‌టాప్‌లలో ఉన్న ఆర్‌టీఎక్స్ 3050లకు ఎన్విడియా మద్దతు ఆపేసే నాటికి ఇంకో డ్రైవర్ సిద్ధంగా ఉంటుంది. మీ దగ్గర అలాంటి కార్డుంటే, ప్రతి కొత్త మెసా వచ్చినప్పుడు ఎన్‌వీకేతో ఒక ఆట నడిపి, ఫలితాన్ని గిట్‌ల్యాబ్‌లో రాయండి. రస్ట్ నేర్చుకుంటున్నవాళ్లు నోవా చేయాల్సిన పనుల జాబితా కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, తెరిచి చూడండి.